అండ్ సన్స్

కంచు అయస్కాంతానికి అంటదు.
అందుకే దుర్గా ఘాట్ దగ్గర కుర్రాళ్లంతా
తాడు కట్టిన అయస్కాంతాలు విసురుతుంటే
కొండయ్య మాత్రం తట్టతో ఇసుక జల్లిస్తాడు.
పుణ్యానికి విసిరిన రూపాయిల మధ్య
ఆ వేళ దొరికిందది,
పచ్చటి కిలుం పట్టి, చేతికి బరువుగా.

శివాలయం వీధిలో
పబ్బిశెట్టి కోటిలింగం అండ్ సన్స్,
ఇత్తడి, కంచు, రాగి పాత్రలు. పాతవి కొనబడును.
ఆ బోర్డు నాదే.
కింద మూల చిన్నగా మీరా ఆర్ట్స్ అని ఉంటుంది చూడండి.
ఇరవై రెండేళ్ల కిందట రాశాను,
పసుపు నేల మీద ఎర్రక్షరాలు, నల్ల నీడ;
తండ్రి పేరు జానెడు,
కొడుకుల పేర్లు బెత్తెడు బెత్తెడు.
నాగలింగం. శంభులింగం.
వెంట్రుకవాసి తేడా రాకూడదని
పెద్దాయనే టేపు పట్టుకుని నిలబడ్డాడు.

కాటాలో పడ్డ బిళ్లని
ఎదుటి బల్ల మీద పేపరు చదువుతున్న
చెన్నాప్రగడ మాస్టారు చేతిలోకి తీసుకున్నాడు.
చింతపండు పెట్టి తోమితే
ముందు గడ్డం బయటికొచ్చింది,
తర్వాత తల మీద ఆకుల కిరీటం.
"రోము రాజు.
బంగారమైతే బేరానికొచ్చిందనుకోవచ్చు. ఇది చిల్లర.
ఏ ఓడవాడి మొలలోనో మరుపున వచ్చుంటుంది."

తిప్పాడు.
వెనక ఇద్దరు కొడుకులు, ఎదురెదురుగా.
అంటే, ఒకడు.
రెండోవాడు ఉండాల్సిన చోట గీకేసిన గుంట.

"తండ్రి పోయాక పెద్దవాడు చిన్నవాణ్ణి చంపించాడు.
చంపడం చాల్లేదు.
రాతి మీద, గోడ మీద, డబ్బు మీద
వాడి పేరు, వాడి మొహం
ఎక్కడుంటే అక్కడ చెక్కేయమని చాటింపు."

పెద్దాయన చాలాసేపు
కాటా ముల్లు వంకే చూశాడు.

నేను ఆ గుంటని చూశాను.
కోపంతో కొట్టిన దెబ్బ కాదది.
ఒకే వాలు, తొందర లేదు;
కూలికి వచ్చినవాడి ఉలి.
పొద్దున్నుంచి అలాంటివి ఎన్ని గీకాడో,
మధ్యాహ్నం వాడికి రొట్టె ఎవరు పెట్టారో.
గుంట అంచున ఒక్క చెవి మిగిల్చాడు.
మరిచాడా,
మరిచినట్టు నటించాడా?

పోయినేడు కార్తీకంలో
కోర్టు కాగితాలొచ్చిన మర్నాడు
నిచ్చెనెక్కింది నేనే.
రెండంగుళాల బ్రష్షు. కూలి ఆరొందలు, టీ వేరే.
బెత్తెడు పేరు మీద పసుపు కొట్టడానికి
పది నిమిషాలు పట్టలేదు.
వీధికి అవతల, కొత్త స్టీలు కొట్టు గుమ్మంలో
శంభులింగం చేతులు కట్టుకుని చూస్తున్నాడు.
"ఎండ నెత్తికెక్కుతోంది మీరా భాయ్,
గొడుగు పంపనా?" అన్నాడు.

ఆ గొడుగు నేను తీసుకోలేదు.
ఇప్పటికీ దాని నీడ నెత్తిన ఉన్నట్టే ఉంటుంది.

వాన పడితే పసుపు నాని
లోపల్నుంచి మూడు సున్నలు తేలతాయి.
శం, లిం, గం.
చిట్టా పుస్తకంలో ఎవరూ లెక్కపెట్టనివి
వీధిలో ముందుగా అవే కనబడతాయి.

బిళ్ల కొలిమికి పోలేదు.
ఇరవై గ్రాములకి కాస్త తక్కువ తూగితే
కొండయ్య చేతిలో యాభై పెట్టి
పెద్దాయన దాన్ని లోపలి జేబులో వేసుకున్నాడు.
మర్నాడు నాకు కబురొచ్చింది.
తిరిగి రాయమంటాడనుకుని
సంచిలో ఎర్ర డబ్బా కూడా సర్దుకుని వెళ్లాను.

"సున్నలు అగపడుతున్నాయి మీరా,
ఇంకో కోటు వెయ్యి," అన్నాడు,
అరచెయ్యి జేబు మీదే ఉంచి.

వేశాను. కూలి కూలే.
కాకపోతే పసుపులో
టర్పెంటైను రెండు మూతలు ఎక్కువ పోశాను.
నిచ్చెన దించి భుజాన వేసుకునేసరికి
కొండ వెనక నల్లగా మబ్బు దిగుతోంది.